సౌరేతర గ్రహాలపై జీవాన్వేషణ: కొత్త తరహా టెలిస్కోపులు, పళని–నీలగిరి కొండల వారసత్వం

సూర్యుడి చుట్టూ కాక వేరే నక్షత్రాల చుట్టూ తిరిగే గ్రహాలను సౌరేతర గ్రహాలంటారు. 2025 సెప్టెంబరు నాటికి నాసా ధ్రువీకరించిన వాటి సంఖ్య 6,000 దాటింది. వీటిలో ఎక్కువ భాగాన్ని నేరుగా ఎవరూ చూడలేదు. నక్షత్రం కాస్త ఊగిసలాడడాన్ని బట్టో, దాని వెలుగు కాస్త తగ్గడాన్ని బట్టో అక్కడ గ్రహం ఉందని తేల్చారు. ఉందని చెప్పడం ఒక పని, అక్కడ గాలి ఎలాంటిదో, ఆ గాలిలో జీవం వదిలిన ఆనవాలు ఉందో లేదో చెప్పడం వేరే పని. ఆ రెండో పనికి ఇప్పుడున్న సాధనాలు చాలవు. అందుకే గత 30 ఏళ్లుగా కొత్త తరహా టెలిస్కోపుల రూపకల్పన జరుగుతోంది. కొన్ని నిర్మాణంలో ఉన్నాయి, కొన్ని కాగితం దాటలేదు, కొన్ని మధ్యలోనే ఆగిపోయాయి.

ఈ కథలో తమిళనాడులోని పాత తెలుగు సీమలకు అనుకోనంత పాత సంబంధం ఉంది. 14వ శతాబ్దం రెండో సగంలో విజయనగర సేనలు మదురై దాకా వెళ్లాయి. 16వ శతాబ్దంలో విశ్వనాథ నాయకుడితో మదురై నాయక రాజ్యం నిలదొక్కుకుంది. సైనికులు, రైతులు, నేతగాళ్లు, చేతిపనివాళ్లు తరతరాలుగా అక్కడికి తరలివెళ్లి, మదురై చుట్టూ, కోయంబత్తూరు నల్లరేగడి నేలల్లో ఊళ్లు కట్టుకున్నారు. నాయకుల కాలంలో ఏర్పడిన 72 పాళెయాల్లో చాలావాటికి తెలుగు నాయకులే పాళెగాళ్లు. బోడినాయకనూరు, కన్నివాడి, విరూపాక్షి పాళెయాలు పళని కొండల పాదాల దగ్గరే ఉన్నాయి. ఆ కొండల మీదనే, పాత మదురై జిల్లాలో, కొడైకెనాల్ వేధశాల వెలిసింది. కోయంబత్తూరుకు పైన నీలగిరుల్లో ఊటీ రేడియో టెలిస్కోపు ఉంది. 1868 దాకా నీలగిరి ప్రాంతం కోయంబత్తూరు జిల్లాలో భాగమే. ఇంట్లో తెలుగు మాట్లాడుతూ బడిలో తమిళం చదువుకున్న లక్షల కుటుంబాలకు ఈ రెండూ ఇంటి పక్క కొండల సంగతులు.

1855 నాటి తొందర

కొడైకెనాల్ వేధశాల మూలం మద్రాసులో ఉంది. ఈస్టిండియా కంపెనీ 1792లో నుంగంబాక్కంలో కట్టిన మద్రాసు వేధశాలకు 19వ శతాబ్దం మధ్యలో కెప్టెన్ విలియం స్టీఫెన్ జాకబ్ అధికారిగా ఉన్నాడు. ఆయనకు జోడు నక్షత్రాల మీద మక్కువ. ఒకదాని చుట్టూ ఒకటి తిరిగే రెండు నక్షత్రాల మధ్య దూరాన్ని, దిశను ఏళ్ల తరబడి కొలిచి వాటి కక్ష్యను గీసేవాడు. సర్పధరి రాశిలోని 70 ఒఫియూకీ అనే జోడు మన నుంచి 17 కాంతి సంవత్సరాలకు లోపే ఉంటుంది. దాని కక్ష్యా కాలం 88 ఏళ్లు. ఎంత జాగ్రత్తగా గీసినా ఆ కక్ష్య కొలతలకు సరిపడలేదు. కంటికి కనబడని మూడో వస్తువు, బహుశా ఒక గ్రహం, ఆ జోడును లాగుతోందని జాకబ్ 1855లో లండన్ రాయల్ ఆస్ట్రనామికల్ సొసైటీ పత్రికలో రాశాడు. వేరే నక్షత్రానికి గ్రహం ఉందని కొలతలను ఆధారంగా చూపి శాస్త్ర పత్రికలో చేసిన తొలి ప్రతిపాదనగా దీన్ని చరిత్రకారులు చెబుతారు.

ఆ ప్రతిపాదన నిలవలేదు. 1890లలో అమెరికన్ ఖగోళవేత్త థామస్ సీ అదే నక్షత్రం గురించి అదే మాట మళ్లీ అన్నాడు. అలాంటి మూడు వస్తువుల అమరిక ఎక్కువ కాలం నిలవదని 1899లో ఫారెస్ట్ మౌల్టన్ లెక్కగట్టి చూపాడు. 1943లో మరోసారి అదే ప్రకటన వచ్చింది, అదీ వీగిపోయింది. 70 ఒఫియూకీకి ధ్రువపడిన గ్రహం ఇప్పటికీ లేదు.

జాకబ్‌ను తక్కువ చేయనక్కరలేదు. ఆయన చూసిన తేడా కాగితం మీద ఉన్నదే. తప్పు వచ్చింది కొలతల్లోని సూక్ష్మ దోషాలను నక్షత్రానికి అంటగట్టడంలో. ఈ రంగంలో ఆ తర్వాత జరిగిన ప్రతి పెద్ద వివాదంలోనూ అడిగింది ఇదే: కనబడ్డ సంకేతం ఆకాశంలోదా, సాధనంలోదా? 1963లో పీటర్ వాన్ డి కాంప్ బర్నార్డ్ నక్షత్రానికి గ్రహాన్ని ప్రకటించాడు. ఆయన టెలిస్కోపు కటకాన్ని సర్దినప్పుడల్లా ఫొటోల్లో నక్షత్రాలన్నీ కదిలినట్టు తర్వాత బయటపడింది. అదే నక్షత్రానికి 2024లో నిజంగానే గ్రహం దొరకడం వేరే ముచ్చట. కొత్త తరహా టెలిస్కోపు కావాలనడానికి అసలు కారణం ఇక్కడుంది. పెద్ద అద్దం ఎక్కువ వెలుగును పోగుచేస్తుంది, కానీ తన సొంత దోషాన్ని తానే తెలుసుకుని అదుపులో పెట్టుకోలేని సాధనం ఎంత పెద్దదైనా ఈ పనికి పనికిరాదు.

జాకబ్ కాలంలో, 1850లో, పారిస్‌లోని లెరెబూర్ అండ్ సెక్రెతాన్ నుంచి మద్రాసుకు ఆరంగుళాల వక్రీభవన టెలిస్కోపు వచ్చింది. జోడు నక్షత్రాల కొలతలకు అదే ఆధారం. 1898లో దాన్ని డబ్లిన్‌లోని గ్రబ్ సంస్థ చేత మార్పించి సూర్యుడి ఫొటోలు తీసేలా చేశారు. తర్వాత అది కొడైకెనాల్ చేరి, మబ్బు లేని ప్రతి ఉదయం సూర్యబింబాన్ని 20 సెంటీమీటర్ల వెడల్పున పలకల మీద పట్టడం మొదలుపెట్టింది. గ్రహం ఉందంటూ పొరపడిన సాధనమే సూర్యుడి మచ్చల దినచర్యను శతాబ్దానికి పైగా నమోదు చేసింది.

కొండెక్కిన వేధశాల

మద్రాసు వేధశాల కొండెక్కడం వెనక కరువు ఉంది. 1876–78 నాటి ధాత కరువు మద్రాసు ప్రెసిడెన్సీని ఊడ్చేశాక, సూర్యుడి మచ్చలకూ వానలకూ సంబంధముందేమో తెలుసుకోవాలన్న ఆత్రం ప్రభుత్వానికి పుట్టింది. మద్రాసు ఖగోళవేత్త నార్మన్ పోగ్సన్ 1882లో కొండల మీద పెద్ద టెలిస్కోపు కావాలని అడిగాడు. మిచీ స్మిత్ పళని, నీలగిరి కొండలు రెండింటినీ పరిశీలించాడు. లార్డ్ కెల్విన్ అధ్యక్షుడిగా ఉన్న సంఘం 1893లో కొడైకెనాల్‌ను ఎంచుకుంది. 1899 ఏప్రిల్ 1న సూర్యభౌతిక వేధశాల ఏర్పడి, 1901లో పరిశీలనలు మొదలయ్యాయి. సామాను మదురై లైనులోని అమ్మయనాయకనూరు స్టేషన్లో, అంటే కొడై రోడ్డులో దిగి, అక్కడి నుంచి కొండెక్కాల్సిందే. అమ్మయనాయకనూరు కూడా పాత పాళెయమే.

1909 జనవరిలో ఇక్కడ జాన్ ఎవర్‌షెడ్ ఒక సంగతి గమనించాడు. సూర్యుడి మచ్చ చుట్టూ ఉండే బూడిదరంగు అంచు నుంచి వచ్చే వెలుగును వర్ణపటంగా విడదీస్తే, అందులోని నల్లగీతలు ఒక పక్క ఎరుపు వైపు, రెండో పక్క నీలం వైపు జరిగి ఉన్నాయి. మచ్చ మధ్య నుంచి వాయువు సెకనుకు సుమారు 2 కిలోమీటర్ల వేగంతో బయటికి పారుతోందని దానర్థం. దీన్ని ఎవర్‌షెడ్ ప్రభావం అంటారు. వెలుగు వచ్చే వస్తువు మన వైపు వస్తుంటే గీతలు నీలానికి, దూరమవుతుంటే ఎరుపుకు జరిగే ఈ డాప్లర్ సూత్రమే సౌరేతర గ్రహాల వేటలో మొదటి పెద్ద ఆయుధమైంది.

గ్రహం తన నక్షత్రాన్ని కొద్దిగా అటూ ఇటూ లాగుతుంది. గురుగ్రహం వల్ల సూర్యుడికి వచ్చే వేగం సెకనుకు 12 మీటర్ల పైచిలుకు. 1995లో మైఖేల్ మేయర్, దిదియే కేలో 51 పెగాసీ నక్షత్రంలో సెకనుకు 50 మీటర్లకు పైబడిన ఊగిసలాటను పట్టి గ్రహాన్ని కనుగొన్నారు, 2019లో నోబెల్ అందుకున్నారు. భూమి సూర్యుణ్ణి లాగేది సెకనుకు 9 సెంటీమీటర్లు మాత్రమే. దాన్ని కొలవాలంటే డిటెక్టరు మీద వర్ణపట గీత కొన్ని సిలికాన్ పరమాణువుల వెడల్పున జరగడాన్ని కనిపెట్టాలి. అది కూడా ఏడాది పొడవునా, పరికరం ఉష్ణోగ్రత డిగ్రీలో వందో వంతు కూడా మారకుండా.

సాధనం కుదిరినా నక్షత్రం కుదురుగా ఉండదు. దాని ఉపరితలం కుతకుతలాడుతుంటుంది, మచ్చలు వస్తుంటాయి పోతుంటాయి. ఆ కదలికలే సెకనుకు మీటరు స్థాయిలో ఉంటాయి, అంటే భూమి సంకేతానికి పదింతలు. దీన్ని విడదీయాలంటే దగ్గరున్న ఒకే ఒక్క నక్షత్రాన్ని, సూర్యుణ్ణి, బాగా ఎరిగి ఉండాలి. కొడైకెనాల్‌లో 1904 నుంచి కాల్షియం కే గీతలో తీసిన సూర్యచిత్రాలు ఇందుకు అరుదైన నిధి. ఆ గీత 393.4 నానోమీటర్ల దగ్గర, ఊదారంగు అంచున ఉంటుంది. సూర్యుడి మీద అయస్కాంత శక్తి చెలరేగిన చోటల్లా అది మెరుస్తుంది. నేటి గ్రహాన్వేషకులు ఒక నక్షత్రం ‘అల్లరి’ నక్షత్రమా, నిమ్మళమైనదా అని తేల్చుకోవడానికి మొదట చూసేది ఈ కాల్షియం గీతలనే.

అదే కాల్షియం గీతలో నక్షత్రాల అసలు ప్రకాశానికి కొలత ఉందని 1957లో ఒలిన్ విల్సన్‌తో కలిసి ప్రకటించినవాడు మనాలి కల్లాట్ వేణు బాప్పు. పుట్టింది మద్రాసులో, పెరిగింది హైదరాబాదులో. తండ్రి నిజామియా వేధశాల ఉద్యోగి. బాప్పు నిజాం కాలేజీలో చదివి, హైదరాబాదు ప్రభుత్వ స్కాలర్‌షిప్ మీద హార్వర్డ్ వెళ్లాడు. 1960లో కొడైకెనాల్ వేధశాల పగ్గాలు పట్టాడు. రాత్రి ఆకాశానికి కొడైకెనాల్ సరిపోదని, వాణియంబాడి దగ్గర జవ్వాది కొండల్లోని కావలూరును వెతికి పట్టింది ఆయనే. అక్కడి 2.34 మీటర్ల టెలిస్కోపు ఆయన 1982లో పోయాక, 1986లో పనికి వచ్చింది, దానికి ఆయన పేరే పెట్టారు. విదేశంలో కొని తెచ్చుకునే టెలిస్కోపుతో సరిపెట్టుకోకుండా, అద్దం ఇక్కడే రుద్దాలన్న పట్టుదల భారత ఖగోళశాస్త్రానికి ఆయన పెట్టిన అలవాటు.

అడ్డు పెట్టాల్సిన వెలుగు

గ్రహం ఉందని తెలిశాక, అక్కడి గాలిని చదవడానికి రెండు దారులు. మొదటిది నక్షత్రం ముందు నుంచి గ్రహం దాటేటప్పుడు, దాని వాతావరణం గుండా వడకట్టుకొచ్చే వెలుగును పట్టడం. జేమ్స్ వెబ్ అంతరిక్ష టెలిస్కోపు ఇప్పుడు చేస్తున్నది ఇదే. సూర్యుడి ముందు భూమి దాటితే తగ్గే వెలుగు పది లక్షల్లో 84 వంతులు. అందులో వాతావరణం వాటా మరీ అల్పం. పైగా కక్ష్య సరిగ్గా మన చూపుకు అడ్డంగా ఉంటేనే ఈ పని సాగుతుంది. భూమిలాంటి గ్రహాల్లో అలా ఉండేవి 200కు ఒకటి. కాబట్టి చిన్న ఎర్ర నక్షత్రాల చుట్టూ తిరిగే గ్రహాలే ప్రస్తుతం వెబ్‌కు అందేవి.

రెండో దారి గ్రహాన్నే నేరుగా చూడడం. తెలుగులో సూర్యుడి ముందు దివిటీ అంటాం. ఇక్కడ అది అక్షరాలా నిజం. మామూలు వెలుగులో భూమి సూర్యుడి కంటే వెయ్యి కోట్ల రెట్లు మసక. పరారుణంలో, 10 మైక్రాన్ల దగ్గర, తేడా కోటి రెట్లకు తగ్గుతుంది. 33 కాంతి సంవత్సరాల దూరం నుంచి చూస్తే ఆ రెండింటి మధ్య ఎడం సెకను కోణంలో పదోవంతు. కాబట్టి కొత్త టెలిస్కోపులకు అసలు పరీక్ష వెలుగును పోగుచేయడంలో లేదు, నక్షత్రపు వెలుగును ఆపి గ్రహానిది మాత్రం వదలడంలో ఉంది.

దానికి కరోనాగ్రాఫు ఒక ఉపాయం. టెలిస్కోపు లోపల నక్షత్రం బింబానికి చిన్న ముసుగు అడ్డుపెట్టి, తప్పించుకున్న వెలుగును వందలాది చిన్న పిస్టన్లతో ఆకారం మార్చుకునే అద్దంతో చంపేస్తారు. సూర్యుడి కరోనాను గ్రహణం లేకుండా చూడడానికి 1930లలో ఫ్రాన్స్‌లో బెర్నార్ ల్యో కనిపెట్టిన పరికరానికి ఇది మనవడు. నాసా నిర్మించిన రోమన్ అంతరిక్ష టెలిస్కోపులో ఇలాంటి కరోనాగ్రాఫు ప్రయోగాత్మకంగా వెళుతోంది. అద్దం 2.4 మీటర్లు, ప్రయోగానికి గడువు 2027 మే. గురుగ్రహం లాంటి పెద్దవి దానికి అందవచ్చు, భూమిలాంటివి అందవు.

భూమిలాంటి వాటికోసం అమెరికన్ ఖగోళ సమాజం 2021 నవంబరు నివేదికలో సిఫారసు చేసినది హాబిటబుల్ వరల్డ్స్ అబ్జర్వేటరీ. అద్దం సుమారు 6 మీటర్లు, అంచనా ఖర్చు 1,100 కోట్ల డాలర్లు, లక్ష్యం నివాసయోగ్య మండలాల్లోని 25 దాకా గ్రహాల వర్ణపటాలు. ప్రయోగం 2040లలో. దాని అద్దాలు పరిశీలన సాగినంతసేపు 10 పికోమీటర్లకు మించి కదలకూడదంటున్నారు. హైడ్రోజన్ పరమాణువు వ్యాసంలో అది సుమారు పదోవంతు. ఈ ఒక్క షరతే మొత్తం ప్రాజెక్టును నడిపిస్తుంది లేదా ముంచుతుంది.

ముసుగును లోపల కాక బయటే పెట్టాలన్నది నక్షత్ర గొడుగు ఆలోచన. పదుల మీటర్ల వెడల్పున, పువ్వు రేకుల అంచుతో ఉండే తెరను టెలిస్కోపుకు వేల కిలోమీటర్ల ముందు ఎగరేసి నక్షత్రాన్ని కప్పేస్తారు. రేకుల ఆకారం అందానికి కాదు. గుండ్రటి అంచైతే వెలుగు దాని చుట్టూ వంగి నీడ మధ్యలోకి వచ్చి చేరుతుంది. తంటా ఏమిటంటే ఒక నక్షత్రం నుంచి మరో నక్షత్రానికి గొడుగును జరపడానికి రోజులు, వారాలు పడతాయి, ఇంధనం తరుగుతుంది.

మూడోది వెలుగును వెలుగుతోనే చంపడం. రోనాల్డ్ బ్రేస్‌వెల్ 1978లో చెప్పిన ఆలోచన ప్రకారం రెండు టెలిస్కోపుల నుంచి వచ్చే తరంగాలను ఒకదానికొకటి వ్యతిరేక దశలో కలిపితే నడిమధ్యనున్న నక్షత్రం ఆరిపోయి, పక్కనున్న గ్రహం మిగులుతుంది. నాసా, ఐరోపా అంతరిక్ష సంస్థ రెండూ ఈ పద్ధతిలో తలపెట్టిన పథకాలు ఆగిపోయాయి. ఇప్పుడు జ్యూరిక్ సాంకేతిక విశ్వవిద్యాలయం నాయకత్వాన లైఫ్ అనే పథకం నాలుగు అద్దాలను విడివిడిగా ఎగరేసి మధ్య పరారుణంలో చూడాలని ప్రతిపాదిస్తోంది. ఓజోన్, మీథేన్ రెండూ బాగా కనబడే భాగం అదే.

ఊటీ కొండవాలు చెప్పేది

అద్దమంటే గుండ్రంగా ఉండాలన్న అలవాటును తెంచుకున్న సాధనం కోయంబత్తూరుకు పైన ఉంది. గోవింద్ స్వరూప్ నాయకత్వాన టాటా మౌలిక పరిశోధనా సంస్థ 1970లో ఊటీ దగ్గర ముత్తోరై గ్రామంలో కట్టిన రేడియో టెలిస్కోపు పొడవు 530 మీటర్లు, వెడల్పు 30 మీటర్లు. ఊటీ అక్షాంశం 11 డిగ్రీల పైచిలుకు. ఉత్తర దక్షిణంగా సరిగ్గా అంతే వాలున్న కొండచరియను వెతికి, దాని మీద 24 పరవలయాకార చట్రాలను 23 మీటర్లకొకటి చొప్పున నిలబెట్టి, వాటి మీద 1,100 సన్నని స్టెయిన్‌లెస్ స్టీలు తీగలు పరిచారు. దాంతో టెలిస్కోపు పొడవాటి అక్షం భూమి అక్షానికి సమాంతరమైంది. ఒకే ఒక అక్షం చుట్టూ తిప్పితే చాలు, ఒక రేడియో మూలాన్ని తొమ్మిది గంటలకు పైగా వెంబడించవచ్చు. ఖరీదైన రెండో అక్షం పని కొండే చేసిపెట్టింది. చంద్రుడి చాటుకు మూలం వెళ్లే క్షణాన్ని కొలిచి, అంత పొడవు సాధనానికి కూడా మామూలుగా అందని సూక్ష్మతను రాబట్టారు.

పొడవు ఉన్న దిశలో సూక్ష్మత ఎక్కువ, వెడల్పు దిశలో తక్కువ. ఒక దిశలోనే బాగా చూడగలిగితే ఏం లాభం అని ఎవరైనా అడగవచ్చు. 2025లో అమెరికాలోని రెన్సెలేర్ పాలిటెక్నిక్‌కు చెందిన హైడి న్యూబర్గ్ బృందం ఆ ప్రశ్నకు ఓ జవాబు ప్రతిపాదించింది. 10 మైక్రాన్ల పరారుణంలో 30 కాంతి సంవత్సరాల లోపు భూమిలాంటి గ్రహాన్ని దాని సూర్యుడి నుంచి విడదీయాలంటే అద్దం 20 మీటర్లుండాలి. అంత గుండ్రటి అద్దాన్ని రాకెట్ మోయలేదు. కానీ 20 మీటర్ల పొడవు, ఒక మీటరు వెడల్పు అద్దం మోయవచ్చు. గ్రహం ఏ దిశలో ఉందో తెలియదు గనక పలకను 90 డిగ్రీలు తిప్పి రెండుసార్లు చూడాలి. అలా చూస్తే ఆ దూరం లోపు ఉన్న భూమిలాంటి గ్రహాల్లో సగాన్ని మూడేళ్ల లోపు పట్టవచ్చని వాళ్ల లెక్క. ఊటీ రూపకర్తలు కొండను చూసి కుదించుకున్న వెడల్పునే వీళ్లు రాకెట్ ముక్కును చూసి కుదించుకున్నారు. రెంటికీ సిద్ధాంతపరమైన చుట్టరికమేమీ లేదు, చోటు, డబ్బు బిగుతుగా ఉంటే పనిమంతులు చేరే చోటు ఒకటేనని మాత్రం తెలుస్తుంది.

ఇలాంటి ఆలోచనలు ఇంకా ఉన్నాయి. చిన్న అద్దాలను వలయంగా పేర్చి పెద్ద టెలిస్కోపుకున్న సూక్ష్మతను తక్కువ బరువుతో రాబట్టే ఎక్సోలైఫ్ ఫైండర్ పథకాన్ని జెఫ్ కూన్ తదితరులు ప్రతిపాదించారు, దాని చిన్న నమూనాను కెనరీ ద్వీపాల్లోని టెనెరీఫ్‌లో తలపెట్టారు. సూర్యుడి గురుత్వాకర్షణనే కటకంగా వాడుకోవచ్చన్న ప్రతిపాదన కూడా ఉంది. అయితే అందుకు భూమి–సూర్యుల దూరానికి 550 రెట్లు అవతలికి వెళ్లాలి. మనిషి పంపిన ఏ నౌకా ఇప్పటికి అందులో మూడో వంతు దాటలేదు.

నేల మీది పెద్ద అద్దాలు

నేల మీద కట్టే టెలిస్కోపుల్లో చిలీలోని సెర్రో ఆర్మజోనెస్ మీద లేస్తున్న ఐరోపా ఈఎల్‌టీ అన్నిటికంటే పెద్దది. 39 మీటర్ల అద్దాన్ని 798 ముక్కలతో కూరుస్తున్నారు. గాలి కదలికల వల్ల వచ్చే వణుకును సెకనుకు వందల సార్లు సరిదిద్దుకునే అద్దాలు దానిలో భాగం. భూమి మీద ఉండడం వల్ల ఒక చిక్కు: మన గాలిలోనే ఆక్సిజన్ ఉంది. గ్రహం గాలిలోని ఆక్సిజన్ గీతలు మన గాలి గీతల కింద కప్పబడిపోతాయి. గ్రహం మన నుంచి దూరమవుతూనో దగ్గరవుతూనో ఉంటే మాత్రం దాని గీతలు పక్కకు జరిగి విడిగా కనబడతాయి. కొడైకెనాల్‌లో ఎవర్‌షెడ్ వాడిన డాప్లర్ కొలత ఇక్కడ మళ్లీ పనికొస్తుంది.

భారత్ భాగస్వామిగా ఉన్నది 30 మీటర్ల టీఎంటీలో. కేంద్ర మంత్రివర్గం 2014 సెప్టెంబరులో ఆమోదం ఇచ్చింది. అద్దం 492 షట్కోణ ముక్కలు, ఒక్కొక్కటి 1.44 మీటర్లు. ముక్కల్లో 82 రకాల ఆకారాలున్నాయి. వాటిని ఒకే అద్దంలా నిలబెట్టడానికి 1,476 చోదకాలు, 2,772 అంచు సెన్సర్లు కావాలి. ముక్కల్లో కొన్నిటిని పాలిష్ చేసే కర్మాగారం బెంగళూరు శివార్లలోని హోసకోటెలో భారత ఖగోళభౌతిక సంస్థ ప్రాంగణంలో 2020లో మొదలైంది. అక్కడ వాడే పద్ధతి ఆసక్తికరం. గాజు పలక అంచులను ఇనుప చేతులతో పట్టి ముందే వంచుతారు, వంగిన పలకను మామూలు గోళాకారంగా రుద్దుతారు, పట్టు వదిలితే పలక తిరిగి విచ్చుకుని కావాల్సిన వంకర ఆకారానికి వస్తుంది. చేతిరుద్దుడులో నెలలు పట్టేది దీంతో చాలావరకు తగ్గుతుంది. అంచు సెన్సర్ల పని పుదుచ్చేరిలోని జనరల్ ఆప్టిక్స్‌ది, చోదకాలది బెంగళూరులోని అవసరాల టెక్నాలజీస్‌ది. టెలిస్కోపు ఎక్కడ పెట్టాలో మాత్రం తెగలేదు. హవాయి మౌనాకియా స్థానికులకు పవిత్రమైన కొండ. 2015లో, 2019లో అక్కడ నిర్మాణాన్ని జనం అడ్డుకున్నారు. కొండ దేవుడిదైనప్పుడు ఏమవుతుందో పళని పక్కన పెరిగినవాళ్లకు చెప్పనక్కరలేదు.

కోయంబత్తూరు పనితనం

ఇలాంటి సాధనాల్లో సగం భాగం అద్దం, మిగతా సగం యంత్రం. యంత్రం మాట వస్తే కోయంబత్తూరు పేరు రాక తప్పదు. 1930లలో పైకారా జలవిద్యుత్తు వచ్చాక ఊరు మిల్లులతో నిండింది, మిల్లులకు మోటార్లు, పంపులు, విడిభాగాలు చేసే ఫౌండ్రీలు వెలిశాయి. ఆ వరుసలో తెలుగు కుటుంబాల వాటా పెద్దది. కలంగల్ గ్రామంలో 1893లో పుట్టిన జి.డి. నాయుడు బడి చదువు సరిగా సాగకపోయినా బస్సుల వ్యాపారం నుంచి యంత్రాల తయారీలోకి వచ్చాడు. 1937లో దేశంలో తొలి విద్యుత్ మోటారు ఆయన, డి. బాలసుందరం నాయుడు కలిసి తయారుచేసిందిగా పేరు. ఆయన చేసిన వాటిలో కెమెరాకు దూరం సర్దే పరికరం కూడా ఒకటి. పీళమేడుకు చెందిన పి.ఎస్. గోవిందస్వామి నాయుడి వారసులు 1926లో పెట్టిన పీఎస్‌జీ ధర్మసంస్థ చదువుకూ పనిముట్లకూ ఒకే ఆవరణలో చోటిచ్చింది. 1962లో జి.కె. దేవరాజులు నెలకొల్పిన లక్ష్మీ మెషిన్ వర్క్స్ నూలుయంత్రాల నుంచి విమాన, అంతరిక్ష రంగాల భాగాల దాకా విస్తరించింది.

నూలు యంత్రపు కదురుకు మైక్రాన్లలో కచ్చితత్వం చాలు, టెలిస్కోపు అద్దానికి నానోమీటర్లు కావాలి, జీవాన్వేషణ అద్దానికి పికోమీటర్లు. ఈ దూరాన్ని దాటించేది లేత్ కాదు, కొలత గది. కోయంబత్తూరులో కోత యంత్రాలకు కొరత లేదు. కొలతల కోసం పెట్టే ఖర్చుకు మాత్రం పరిశ్రమ ఇప్పటికీ వెనకాడుతుంది, పెద్ద సైన్సు ఒప్పందాలు రావడానికి అదే అడ్డంకి అని చెప్పక తప్పదు. మదురైలో ఒక భిన్నమైన ఉదాహరణ ఉంది. 1976లో 11 పడకలతో మొదలైన అరవింద్ కంటి ఆసుపత్రి, దిగుమతి కటకాలు పేదలకు అందడం లేదని 1992లో ఆరోల్యాబ్ పెట్టి కంటిలోపల అమర్చే కటకాలను తానే చేయించింది. కటకం నాణ్యతను నమ్మకంగా కొలవడం నేర్చుకున్నాకే ధర దించగలిగారు.

ఇక్కడి గ్రహాన్వేషణ

భారత్‌లో గ్రహాల వేటకు ఇప్పుడు ముందున్నది అహ్మదాబాదులోని భౌతిక పరిశోధనాలయం. మౌంట్ ఆబూలో 1.2 మీటర్ల టెలిస్కోపుకు పెట్టిన పరాస్ స్పెక్ట్రోగ్రాఫుతో 2018లో భూమికి 27 రెట్లు బరువైన గ్రహాన్ని కనుగొన్నారు. ఆ తర్వాత 2.5 మీటర్ల టెలిస్కోపుకు పరాస్-2 వచ్చింది. లడఖ్‌లోని హాన్లేలో, 4,500 మీటర్ల ఎత్తున, రెండు మీటర్ల హిమాలయన్ చంద్ర టెలిస్కోపు ఉంది, దాన్ని నడిపేది హోసకోటె నుంచి. అక్కడే 10 మీటర్లకు పైబడిన జాతీయ టెలిస్కోపు కట్టాలన్న ప్రతిపాదన ఉంది. రెండు రుతుపవనాలూ తడిపే పళని, జవ్వాది కొండల మీద ఇక అంత పెద్దవి కట్టరు.

శ్రీహరికోట నుంచి 2023 జూలై 14న బయల్దేరిన చంద్రయాన్-3లో ల్యాండరు మీదే అందరి కళ్లూ ఉన్నాయి. అప్పుడు చంద్రుడి చుట్టూ తిరిగిన చోదక మాడ్యూల్‌లో షేప్ అనే చిన్న పరికరం ఉంది. దాని పని భూమినే దూరపు గ్రహంలా చూడడం. 1 నుంచి 1.7 మైక్రాన్ల పరారుణంలో భూమి వెలుగు వర్ణపటాన్ని, ఆ వెలుగు ఎంత ధ్రువణం చెందిందో కొలవడం. జీవం ఉందని మనకు కచ్చితంగా తెలిసిన ఒకే గ్రహం దూరం నుంచి ఎలా కనబడుతుందో ముందు తెలియాలి కదా.

ఆనవాలు అంటే ఏది

జీవానికి గుర్తుగా శాస్త్రవేత్తలు ఎక్కువగా చెప్పేది ఆక్సిజన్, మీథేన్ రెండూ ఒకేచోట ఉండడం. ఆ రెండూ కలిస్తే ఒకదాన్నొకటి తినేస్తాయి, ఏదో ఒకటి నిరంతరం సరఫరా చేస్తుంటే తప్ప కలిసి నిలవవు. ఆక్సిజన్‌కు 760 నానోమీటర్ల దగ్గర బలమైన గీతల గుంపు ఉంది. ఆకుపచ్చని మొక్కలు 700 నానోమీటర్ల తర్వాత వెలుగును ఒక్కసారిగా ఎక్కువగా తిప్పికొడతాయి, ఆ మెట్టును కూడా వెతకాలంటారు. ఒక్క వాయువునే పట్టుకుని జీవం అనడం మాత్రం తొందరపాటే. నీరు ఆవిరై హైడ్రోజన్ అంతరిక్షంలోకి పోతే జీవం లేకుండానే ఆక్సిజన్ మిగలవచ్చు.

ఈ జాగ్రత్త ఎంత అవసరమో కే2-18బి తేల్చింది. 124 కాంతి సంవత్సరాల దూరంలో, భూమికి 8.6 రెట్ల బరువుతో, ఎర్ర నక్షత్రం చుట్టూ 33 రోజులకోసారి తిరిగే గ్రహమిది. కేంబ్రిడ్జిలో పనిచేసే నిక్కు మధుసూదన్ బృందం వెబ్ టెలిస్కోపుతో 2023లో దీని గాలిలో మీథేన్, కార్బన్ డయాక్సైడ్ చూపింది. హైడ్రోజన్ వాతావరణం కింద సముద్రం ఉండే గ్రహాలు ఉండవచ్చన్నది ఆయన ప్రతిపాదనే. 2025 ఏప్రిల్‌లో డైమిథైల్ సల్ఫైడ్ ఆనవాళ్లు కూడా ఉన్నాయని ఆ బృందం ప్రకటించింది. భూమి మీద ఆ వాయువును ఎక్కువగా విడిచేవి సముద్రపు సూక్ష్మజీవులు. వార్తలు గుప్పుమన్నాయి. గణాంకపరంగా ఆ ఫలితం బలం మూడు సిగ్మా. కొత్త ఆవిష్కరణ అనడానికి మామూలుగా ఐదు కావాలి. అదే దత్తాంశాన్ని వేరే బృందాలు మళ్లీ విశ్లేషించి, ఆ ఆనవాలుకు బలమైన ఆధారం లేదన్నాయి. పైగా డైమిథైల్ సల్ఫైడ్‌ను జీవం లేని తోకచుక్క మీద, 67పి మీద, అప్పటికే కనుగొన్నారు. గ్రహం అసలు సముద్రపుదా, కరిగిన శిలల సముద్రమా, మందపాటి వాయువు కప్పుకున్న చిన్న నెప్ట్యూనా అన్నదీ తేలలేదు.

జాకబ్ దగ్గర ఆరంగుళాల టెలిస్కోపు ఉంటే ఇప్పుడు ఆరున్నర మీటర్లది ఉంది. సంకేతం దోషపు అంచున ఉన్నప్పుడు మనిషి నమ్మదలచుకున్నదే చూస్తాడన్న చిక్కు మాత్రం మారలేదు. ఇప్పటి తేడా ఏమిటంటే దత్తాంశం అందరికీ తెరిచి ఉంటుంది, వేరే బృందం వారాల్లో ప్రశ్నించగలదు. కే2-18బి మీద వెబ్ మరిన్ని పరిశీలనలు జరుపుతుంది. ఎర్ర నక్షత్రాల గ్రహాల్లో గాలి నిలిచి ఉందా అన్నది ట్రాపిస్ట్-1 కుటుంబంలో ఒక్కో గ్రహం చొప్పున తేలుతోంది. మన నుంచి 40 కాంతి సంవత్సరాల దూరంలోని ఆ ఏడు గ్రహాల్లో లోపలిదానికి మందపాటి వాతావరణం కనబడలేదు. సూర్యుడిలాంటి నక్షత్రం చుట్టూ ఉండే భూమిలాంటి గ్రహం గాలిని చదవడం ఈఎల్‌టీకి కూడా కష్టమే, అది 2040ల దాకా ఆగాల్సిన పని.